బర్రెల కొట్టం ముందు అమెరికా బండి

కారు కొనడానికి వెళ్లిన రోజు షోరూంలో మా మామగారు మొట్టమొదట చేసిన పని, బండి వెనక్కి వెళ్లి డిక్కీ పక్కన అరచేత్తో రెండు దెబ్బలు వేయడం. బర్రెను కొనేటప్పుడు తొంటి మీద అలాగే కొట్టి చూస్తారట. మెడకు టై కట్టుకున్న అబ్బాయి పాపం మైలేజీ గురించి ఏదో మొదలుపెట్టాడు.

"గవన్నీ తర్వాత జెప్పు గని, బరువెంత తూగుతది?" అన్నారు మామయ్య.

ఆ అబ్బాయికి ఆ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చేలోగా మామయ్య నాలుగు తలుపులూ తీసి, వేసి, చెవి పెట్టి విన్నారు. అంతకుముందు చూసిన షోరూముల్లో తలుపు వేస్తే రేకు డబ్బా మూత పెట్టినట్టుందని మొహం చిట్లించిన మనిషి, ఇక్కడ మాత్రం కళ్లు పెద్దవి చేసి మావైపు చూశారు. "దబ్బుమన్నది. లోపల మాంసమున్నది దీనికి. గిదే తీసుకుందం" అన్నారు. రంగు సంగతి అడిగితే నలుపు కాక ఇంకేం రంగు ఉంటుందన్నట్టు చూశారు. బర్రె రంగు.

మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. నేను సంతోష్‌నగర్‌లో పెరిగినదాన్ని. మా నాన్న గోదావరి పక్క నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నా భర్తది పాతబస్తీలో తాతల కాలం నుంచి పాలు అమ్ముకునే ఇల్లు. అప్పట్లో ఇద్దరం ఒకే ఆఫీసు, ఇష్టపడి చేసుకున్నాం. మా అత్తగారింటికి ఎవరొచ్చినా ముందు బర్రెల కొట్టం దాటాలి, ఆ తర్వాతే ఇల్లు. కొట్టానికీ గల్లీకీ మధ్య ఉన్న కాస్త జాగాలో కారు పెట్టాం. అది ఏ కంపెనీదో పేరు రాయను. అసలు మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. మామయ్యకు అది అమెరికా బండి. అత్తయ్యకు నల్లది. గల్లీకి పాలోళ్ల కారు.

సాయంత్రం పాలు పిండే వేళకు మామయ్యకు ముచ్చట్లు కావాలి. ఆయన దాణా కలుపుతుంటారు, అత్తయ్య పాలు పిండుతుంటుంది, నేను ఆఫీసు నుంచి వచ్చి స్టూలు వేసుకుని టీ తాగుతుంటాను. బండి వచ్చిన కొత్తలో ఆయనకు ఒకటే కోరిక. "గా కంపెనోళ్ల ముచ్చట జెప్పు బిడ్డా" అనేవారు. నేను ఫోన్లో చదివి చెప్పేదాన్ని. ఆ కంపెనీ పెట్టినాయన ఒక రైతు కొడుకు. పొలం పనంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు, యంత్రం కనిపిస్తే మాత్రం విప్పి చూడందే నిద్రపట్టదు. అంతకుముందు కారు ఒకచోట నిలబడి ఉంటే పనివాళ్లు దాని చుట్టూ తిరిగేవారు. ఆయన కారునే నడిపించి పనివాళ్లను నిలబెట్టాడు. ఒక్కొక్కరికి ఒక్కటే పని.

మామయ్య దాణా కలపడం ఆపారు. "మనకాడ బర్రె నిలవడ్తది, మనమే తిరుగుతం. గాయన బర్రెనే తిప్పిండన్నమాట. హుషారున్నడు."

పనివాళ్ల కూలి రెట్టింపు చేశాడనీ, తాము చేసిన బండిని తామే కొనుక్కునే రోజు వాళ్లకు వచ్చిందనీ చెబితే అత్తయ్య కూడా తల తిప్పి చూసింది. చాలా ఏళ్లు ఒక్క నలుపు రంగులోనే బండ్లు అమ్మాడని చెబితే మామయ్య తొడ చరిచారు. "నేన్జెప్పలే?" ఒక్క సంగతి మాత్రం ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. అలా వరసలో పని జరిపించే ఆలోచన వాళ్లకు పశువులను కోసే కార్ఖానాలను చూసి వచ్చిందట. అది చెబితే ఆ సాయంత్రమే బండిని గల్లీలోకి తోసేస్తారని నా భయం.

చెప్పకూడనిది మరొకటి ఉందని తెలియక చెప్పేశాను. ఆ కాలంలో అమెరికా రైతులు కారు వెనక చక్రాన్ని గాల్లోకి లేపి, దానికి బెల్టు తగిలించి, కట్టెలు కోసేవారట, నీళ్లు తోడేవారట, వెన్న కూడా చిలికేవారట. నేను టీ గ్లాసు కింద పెట్టేసరికి మామయ్య కారు వంకా గడ్డి కోసే మిషను వంకా మార్చి మార్చి చూస్తున్నారు.

"మామయ్యా, మన బండి ముందు చక్రాలతో నడుస్తుంది" అన్నాను గబగబా.

"ఐతే ఏంది? ముందలికెల్లి కట్టుదం."

బెల్టు ఎక్కడా దొరకలేదని నా భర్త చేత అబద్ధం చెప్పించి ఆ గండం గట్టెక్కించాను.

బండి వచ్చింది కానీ నడిపేవాళ్లు లేరు. నా భర్త లైసెన్సు తెచ్చుకున్నాడు గానీ మా గల్లీలో కారు తిప్పడం అతని వల్ల కాలేదు. ఒక పక్క తోపుడుబండ్లు, ఇంకో పక్క మురుక్కాలువ, మధ్యలో ఎదురుగా వచ్చే ఆటో. రెండుసార్లు చెమటలు పట్టి, బైకు మీదే హాయిగా ఉందని తాళం గోడకు తగిలించాడు. ఆ తాళం నేను తీసుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఆ గల్లీలో కారు నడపాలంటే అదే కావాలని తర్వాత తెలిసింది.

డ్రైవింగ్ నేర్పిన స్కూలు కారులో ఇండికేటరు కుడిచేతి వైపు. మా అమెరికా బండిలో అది ఎడమచేతి వైపు. కుడివైపు ఉన్నది వైపరు. మొదటి నెలంతా మలుపు వచ్చినప్పుడల్లా ఇండికేటరు వేశాననుకుని వైపరు వేసేదాన్ని. చుక్క వాన లేదు, మండే ఎండ, అద్దం మీద కర్రలు అటూ ఇటూ ఊగుతుంటాయి. గల్లీ చివర పండ్ల బండి పెట్టుకునే చాచా మొదట్లో నవ్వాడు, ఆ తర్వాత అదే లెక్కగా పెట్టుకున్నాడు. "హటో హటో, పాలోళ్ల గాడీ చెయ్యూపుతుంది, మళ్లుతది" అని అరిచి అందరినీ పక్కకు జరిపేవాడు. నేను సరిగ్గా ఇండికేటరు వేయడం నేర్చుకున్నాక ఒక్కరూ జరగలేదు. చివరికి గల్లీలో మలుపు తిరగాలంటే వైపరే వేయాల్సి వచ్చింది. ఇప్పటికీ అంతే.

ఆ బండంటే నాకు ఎంత ఇష్టమో ఎవరికీ విడమరిచి చెప్పలేదు, ఇక్కడ చెబుతాను. మా ఇంట్లో తెల్లారకముందే పాల క్యాన్ల చప్పుడు, బర్రెల అరుపులు, గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ల కేకలు. అందరూ మంచివాళ్లే, కానీ ఒక్క తలుపు మూసుకుని కూర్చోవడానికి చోటుండదు. ఆఫీసులో సరేసరి. ఈ రెంటికీ మధ్య, అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ వంతెన మీద బండ్లన్నీ ఆగిపోయినప్పుడు, అద్దాలు పైకెత్తి పాట పెట్టుకుని కూర్చుంటే ఆ కాసేపూ లోకంలో నాకంటే సుఖపడే మనిషి లేదనిపించేది. ట్రాఫిక్ జామైందని అందరూ తిట్టుకునేవారు. నేను మాత్రం ఇంకాసేపు ఆగితే బాగుండునని కోరుకునేదాన్ని. తలుపు వేస్తే వచ్చే ఆ దబ్బుమనే చప్పుడు నా సొంతం.

ఆ తలుపు మీద నూనె మరకలు పడిన కథ మా బంధువుల్లో పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఇప్పటికీ చెప్పుకుంటారు. దీపావళి అయిన రెండో రోజు పాలవాళ్ల ఇళ్లలో సదర్ పండుగ. దున్నపోతులను కడిగి, ఒళ్లంతా నూనె రాసి నిగనిగలాడించి, కొమ్ములకు రంగులు వేసి, దండలూ గజ్జెలూ కట్టి డప్పులతో ఊరేగిస్తారు. బండి వచ్చాక మొదటి సదర్ అది. నేను స్నానం చేసి బయటికి వచ్చేసరికి దున్నపోతు పక్కనే కారు కూడా నిగనిగలాడుతోంది. మామయ్య చేతులు మోచేతుల దాకా నూనె. బానెట్‌కు రాశారు, తలుపులకు రాశారు, అద్దాన్ని కూడా వదల్లేదు. తెల్లవారుజామునే గుడిమల్కాపూర్ వెళ్లి తెచ్చిన బంతిపూల దండలు ముందుకీ వెనక్కీ వేసి ఉన్నాయి. వైపర్లకు నెమలి ఈకలు. పక్క అద్దాలకు గజ్జెలు.

"ఇదేంటి మామయ్యా!" అని కేక వేశాను.

"కొమ్ముల్లేవు గద బిడ్డా, గందుకే అద్దాలకు కట్టిన. జూడు, ఎట్ల మెరుస్తుందో! గా కంపెనోళ్లు గూడ గింత మెరిపియ్యలే."

ఆయన మొహంలో సంతోషం చూసి నా కోపం నోటిదాకా వచ్చి ఆగింది. కానీ అంతటితో అయిపోలేదు. బండి ఊరేగింపులో ఉండాల్సిందేనన్నారు. గల్లీ మలుపు తిరిగేసరికే డప్పుల వాళ్లు ఎగరేసిన గులాల్, వందల కాళ్లు లేపిన దుమ్ము, రాలిన పూరేకులు అన్నీ ఆ నూనెకు అంటుకున్నాయి. నల్లబండి రవ్వలో దొర్లించిన లడ్డులా తయారైంది. ముందు ఏమీ కనబడక వైపరు వేశాను. నూనె, గులాల్ కలిసి అద్దమంతా గులాబీ రంగు ముద్ద అయింది. నెమలి ఈకలు ఆ ముద్దలోనే అటూ ఇటూ ఈదాయి. జనం చప్పట్లు కొట్టారు. బండి కావాలనే ఆడుతోందనుకున్నారు. దున్నపోతు వెనక కాళ్ల మీద లేచి నిలబడితే ఎన్ని ఈలలు వేశారో, నా వైపర్లకూ అన్ని వేశారు.

ఇంటికొచ్చాక అత్తయ్య కుంకుడుకాయ రసం, బర్రెలను తోమే గడ్డి చుట్ట తీసుకుని కడగడానికి కూర్చుంది. గీతలు పడతాయి మొర్రో అని నేను, "ఇన్నేండ్ల సంది తోముతున్న, ఒక్క బర్రెకన్న గీత వడ్డదా?" అని ఆమె. ఆ వాదనలో నేను ఓడిపోయాను. ఎడమ తలుపు మీద గడ్డి గీతలు ఇంకా ఉన్నాయి. వాటిని చూస్తే ఇప్పుడు నాకు నవ్వే వస్తుంది.

తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున నా భర్త పేపరు మీంచి తలెత్తి, ఆ కంపెనీ మన దేశంలో బండ్లు తయారు చేయడం ఆపేస్తోందట అన్నాడు. మామయ్య చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. "మరి మన బండికి దిక్కెవలు రా?" అన్నారు. ఆ వార్త గల్లీలోకి ఎలా వెళ్లిందో తెలియదు. సాయంత్రానికి ఒక్కొక్కరే వచ్చి, కారు పక్కన నిలబడి, తల పంకించి, మామయ్య భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు. పండ్ల చాచా దానిమ్మపండ్లు ఇచ్చాడు. అచ్చంగా పరామర్శే. అత్తయ్య వచ్చినవాళ్లందరికీ టీ పెట్టింది. మూడోసారి టీ పెట్టాక, "బండి వాకిట్ల నిలవడ్డది గద, ఎవల్ సచ్చిండ్రని వస్తుండ్రు?" అని కసిరింది.

ఆ వారమే నేను ఆ బండి ఓనర్ల వాట్సాప్ గుంపులో చేరాను. అలాంటి గుంపు ఉంటుందనే నాకు తెలియదు. అందులో ఒక పళ్ల డాక్టరు, ఒక రైస్‌మిల్లు యజమాని, ఒక రిటైరైన లెక్చరరు, ఇంకా ఎందరో. కంపెనీ వదిలేసి వెళ్లిందన్న దుఃఖం ఎవరిలోనూ కనబడలేదు. తమను తాము అనాథ శరణాలయం అని పిలుచుకుంటూ పొద్దస్తమానం నవ్వుకునేవారు. ఒకాయన లైటు పగిలిందంటే ఇంకో ఊరి నుంచి ఇంకొకాయన పంపేవాడు. కొత్తలో వైపర్లు వేశారా అని అడిగితే గుంపంతా ఒక్కసారిగా గొల్లుమంది. అందరూ వేశారు. లెక్చరరు గారు ఇంట్లో రెండో కారు కూడా ఉండటం వల్ల ఇంకా వేస్తూనే ఉన్నారట.

ఒక ఆదివారం అందరూ ఊరవతల ఒక ఖాళీ మైదానంలో కలుసుకున్నారు. మామయ్య వస్తానన్నారు. తెల్లపంచె, తలకు రుమాలు. అక్కడ వరసగా నిలబెట్టిన ఆ బండ్లను చూడగానే ఆయన నడక మారిపోయింది. ఒక్కొక్క బండి వెనక్కి వెళ్లి అరచేత్తో కొట్టి, తలుపు వేసి విని, దాని మీద తన అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టారు. "ఇది మంచిగ తిన్నది. గిది జర సుస్తుగున్నది, ఎండల నిలబెడ్తుండ్రా?" పళ్ల డాక్టరు తన బండికి ఏమైందో చెప్పమని వెంట పడ్డాడు. మధ్యాహ్నానికి చుట్టూ గుంపు. మామయ్య ఆ రోజంత ఆనందంగా ఉండగా నేను మళ్లీ చూసింది తక్కువ.

ఇన్ని చెప్పానంటే అసలు సంగతి దగ్గరికి రావడానికే. మొన్న వేసవిలో బండి క్లచ్ పోయింది. గల్లీ చివరి మెకానిక్ భాయ్ కింద దూరి చూసి లేచి, "మాల్ నై మిల్‌రా బాజీ. దొరికితే తెచ్చుకోండ్రి, ఒక్క దినంల బిగిస్త" అన్నాడు. బండి కొట్టం ముందు కదలకుండా నిలబడిపోయింది. నేను ఆటోలో ఆఫీసుకు పోతున్నాను. అప్పుడే నా భర్త మాట తీశాడు. బండి అమ్మేసి, వచ్చిన డబ్బుతో పాలు వేయడానికి ట్రాలీ ఆటో కొందామని.

"నీకు మెట్రో ఉన్నది గద" అన్నాడు.

"పాల క్యాన్లకు కూడా ఉంది, ఎక్కించుకుని తీసుకెళ్లు" అన్నాను.

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ట్రాలీ వస్తే మామయ్యకు మోత తగ్గుతుంది, వ్యాపారం పెరుగుతుంది. అది తెలిసే కొద్దీ నాకు ఇంకా మండిపోయింది. ఆ బండి పోతే పొద్దున్న నాకు దొరికే ఆ కాసేపు పోతుంది, మళ్లీ రాదు. ట్రాలీలో నేను పాట పెట్టుకుని కూర్చోలేను కదా. కాగితాలు మామయ్య పేరు మీద ఉన్నాయి. ఆయన సరే అంటే అయిపోయినట్టే. ఆయన గడ్డి కోస్తూ ఉండిపోయారు.

శనివారం గుంపులో కబురు వచ్చింది. వరంగల్ రైస్‌మిల్లాయన దగ్గర క్లచ్ ఉందట, బస్సులో పార్సెల్ వేశాడట. పరుగెత్తి నా భర్తకు చెప్పాను. "ఇయ్యాల క్లచ్, రేపింకోటి. కంపెనీయే లేదు, ఎన్నాళ్లని ఊళ్లు ఊళ్లు అడుక్కుంటవ్? రేపు బేరానికి మనిషొస్తుండు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు ఆ సెకండ్‌హ్యాండ్ బండ్ల వ్యాపారి. నల్లకళ్లజోడు, చేతిలో రెండు ఫోన్లు. బండి చుట్టూ తిరిగి గడ్డి గీతలు చూశాడు, వాసన చూసి ముక్కు చిట్లించాడు. ఎంత చెబుతారని అడిగాడు. మామయ్య తల మీది రుమాలు విప్పి, అతని కుడిచెయ్యి పట్టుకుని, రెండు చేతుల మీదా ఆ రుమాలు కప్పారు.

"క్యా కర్రే చాచా?" అని అతను చెయ్యి లాక్కోబోయాడు.

"బేరం జేస్తున్న. కదలకు."

బర్రెల సంతలో బేరం అంతే. ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని నొక్కుతారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకూడదు. కార్ల వ్యాపారికి ఇదంతా కొత్త. ఒక ఫోను మోగుతోంది, ఎడమచేత్తో తీయబోతే మామయ్య కళ్లెర్రజేశారు. కాసేపటికి అతనికి కిటుకు అర్థమైంది. వేలు నొక్కితే తల అడ్డంగా ఊపుతాడు, ఇంకో వేలు నొక్కితే ఆలోచిస్తాడు. గల్లీలో జనం చేరారు. నా భర్త నవ్వుతున్నాడు. నేను నవ్వలేకపోయాను. బండి తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఎండకు అది వేడెక్కి ఉంది, అయినా తీయబుద్ధి కాలేదు.

"కుదిరినట్టే ఉన్నది" అన్నారు మామయ్య. వ్యాపారి రుమాలు తీయబోయాడు. "ఆగు. ఇంకో చెయ్యినడగాలె."

"ఇంకెవల్ని బాపు?" అన్నాడు నా భర్త.

"మనింట్ల బర్రెనమ్మాల్నంటే పాలు పిండే చెయ్యి ఒప్పుకోవాలె. మా నాయిన గట్లనే అడుగుతుండె, నేను గూడ గట్లనే అడుగుత. మీ అమ్మ ఒద్దన్న బర్రెను ఏనాడన్న అమ్మిన్నా?"

"పాలు పిండేది అమ్మ గద. ఆమె సరేనన్నది."

"నల్లదానికి పాలు పిండుతున్నదెవలు రా?"

రోజూ దాన్ని నడిపేది నేను. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా పొదుగు ముట్టలేదు. మొదటి రోజే బర్రె తంతే, ఇక వద్దులే అని అత్తయ్య నన్ను వంటింట్లోకి పంపేసింది. ఆ ఇంటి పనిలో నా చేతికి లెక్క లేదనే అప్పటి నుంచీ అనుకుంటూ వచ్చాను.

"ఇటు రా బిడ్డా. చెయ్యియ్యి" అన్నారు మామయ్య.

వ్యాపారి చేతి మీంచి రుమాలు తీసి నా చేతి మీద కప్పారు. కింద ఆయన అరచెయ్యి గరుకుగా ఉంది. నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని నొక్కారు, ఇంత వస్తుంది, సరేనా అని. ఆ వేళ్ల లెక్క నాకు తెలియదు. ఏ వేలు ఎంతో, ఏ నొక్కు ఏమిటో ఒక్కటీ అర్థం కాలేదు. నాకు తెలిసింది ఒకటే. ఆయన వేళ్లన్నీ కలిపి గట్టిగా పట్టుకున్నాను, వదల్లేదు.

ఆయన మీసాల కింద నవ్వు కనబడింది. తర్వాత వ్యాపారి వైపు తిరిగి, ఇంటి కాగితాలన్నిటి మీదా తన పేరే ఉన్న ఆ మనిషి, గల్లీ అంతా వినబడేట్టు అన్నారు.

"మాఫ్ కరో భాయ్. మాల్కిన్ నై బోల్‌రీ."

యజమానురాలు వద్దంటోందట. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వ్యాపారి నా భర్త వైపు చూశాడు. నా భర్త నా వైపు చూశాడు. ఎండలో వచ్చాడు పాపం, టీ తాగి వెళ్లమని అతన్ని నేనే లోపలికి పిలిచాను.